బాత్రూం గడియ

కాదే మనవరాలా, జారిపడ్డానని రాయకు. నేను జారలేదు. బాత్రూంలోకెళ్ళి గడియ పెడదామని వెనక్కి తిరగబోయి పడ్డాను. నేల పొడిగానే ఉంది. అదీ రాసుకో, లేకపోతే తుడవలేదన్న మాట మీ నానమ్మ మీదకొస్తుంది.

నడుం పట్టేసింది, అంతే. సాయంత్రానికల్లా మీ నాన్న గడియ ఊడదీశాడు. "పడితే తలుపు బద్దలుకొట్టాలి కదా నాన్నా" అన్నాడు. వడ్రంగిని నేను. ఆ తలుపు చేసింది నేను, గడియ బిగించింది నేను. ఒక్క మాట అడగలేదు.

ఇక నేను స్నానం చేస్తుంటే బయట మీ నానమ్మ కుర్చీ వేసుక్కూర్చునేది. కూర్చుంటే సరే. మధ్యలో తలుపు తోసి, "అక్కడ కాదు, పైన రుద్దుకోండి" అనేది. బతికుండగానే ఒళ్ళు ఊరుమ్మడి అయిపోయింది.

గడియ పెట్టరా అంటే, "ఆ వ్యాయామాల అమ్మాయి సరేనంటే పెడతా" అన్నాడు మీ నాన్న. ఆస్పత్రి వాళ్ళు పంపారులే ఆ అమ్మాయిని. వచ్చి, చేతులు ఆనించకుండా కుర్చీలోంచి లేవమంది. లేచాను. వంటగట్టు పట్టుకుని ఒంటికాలి మీద నిలబడమంది. కొంగలా నిలబడ్డాను. పడితే పట్టుకోమని పక్కనే మీ నానమ్మని పెట్టింది.

"ఈయన్ని నేనేం పట్టుకుంటానమ్మా, కింద మెత్తగా ఉంటాను, అంతే" అంది మీ నానమ్మ.

అప్పుడా అమ్మాయి, "అసలెలా పడ్డారు తాతగారూ?" అంది. అంతవరకూ ఎవరూ అడగలేదు. అలాగే వెనక్కి తిరిగి చూపించాను. మళ్ళీ పడబోయాను. గట్టు దొరికింది.

"నడుం తిరిగింది గానీ పాదాలు అక్కడే ఉండిపోయాయి. చిన్న చిన్న అడుగులేస్తూ తిరగాలి" అంది.

నాకు బుర్రకెక్కలేదు. రోజూ ఒంటికాలి మీద తపస్సు బాగానే సాగేది, తిరగమంటే తూలేవాణ్ణి. చూసి చూసి మీ నానమ్మే అంది, "ఇన్నేళ్ళలో ఎన్ని బీరువాలు జరిపారు? ఒక్కదాన్నైనా గిర్రున తిప్పారా?"

తిప్పలేదు. నిండు బీరువాని ఈ మూల కాస్త, ఆ మూల కాస్త జరుపుకుంటూ తిప్పాలి. గిర్రున తిప్పితే మీద పడుతుంది. సరే, నేనే బీరువా అనుకున్నాను. ఈ కాలు కాస్త, ఆ కాలు కాస్త. తిరిగాను.

"అద్దమొక్కటే తక్కువ" అంది మీ నానమ్మ.

ఆ అమ్మాయి మళ్ళీ వచ్చి చూసి, సరేనంది. గోడకి పట్టుకునే కడ్డీ పెట్టించమంది, వ్యాయామాలు మానొద్దంది. మీ నాన్న కడ్డీ బిగించాడు, గడియా బిగించాడు. వంకరగా బిగించాడు. ఆ మాటంటే మళ్ళీ ఊడదీస్తాడు.

ఇవాళ పొద్దున లోపలికెళ్ళి, నెమ్మదిగా తిరిగి, గడియ పెట్టుకున్నాను. స్నానం అయిపోయినా కాసేపు ఊరికే కూర్చున్నాను.

"ఉన్నారా?" అంది బయట్నుంచి మీ నానమ్మ.

"ఉన్నాను" అన్నాను.

ఇదంతా మా అక్కకి ఫోన్లో చదివి వినిపించు. పోయిన వారం తనూ ఇలాగే తిరగబోయి పడిందట, వాళ్ళింట్లో తలుపు మూయనివ్వట్లేదట. నేను చెబితే "నోర్ముయ్‌రా, నాకంటే చిన్నవాడివి" అంటుంది. నువ్వు చదువు. బీరువా దగ్గర కాస్త నెమ్మదిగా చదువు.