ఫ్లాపీ అక్కర్లేని కాటా

జంగారెడ్డిగూడెం దగ్గరి పామాయిల్ మిల్లులో గెలలు తూచే కాటా కంప్యూటర్ బాగా పాతది. ఫ్లాపీ పెడితే గాని ఆన్ అయ్యేది కాదు. ఆ ఫ్లాపీలతో వేగడం కాటా గుమాస్తా వీరదుర్గకే తెలుసు. ఆమె వచ్చేదాకా గెలల ట్రాక్టర్లు గేటు దగ్గరే ఆగేవి.

కొత్తగా చేరిన హేమశ్రీ ఆ ఫ్లాపీల పని చేసే పెన్‌డ్రైవ్ తయారుచేసి పెట్టింది. కంప్యూటర్ ఇట్టే ఆన్ అయింది.

"భలే చేశావమ్మా!" అన్నారు మేనేజరు గారు.

ఆయన వీరదుర్గని ఏనాడూ అలా మెచ్చుకోలేదు. ఆమె కడుపు రగిలిపోయింది. అందరూ భోజనాలకు వెళ్లగానే పెన్‌డ్రైవ్ లాగి బ్యాగులో దాచేసింది.

అంతలో హేమశ్రీ వచ్చి అలాంటిదే ఇంకో పెన్‌డ్రైవ్ చేతిలో పెట్టింది. "మేడం, ఇది మీకోసం చేశానండి. మీ దగ్గరే ఉంచుకోండి."

ఆ పిల్ల అటు తిరగగానే వీరదుర్గ దాచినదాన్ని తీసి మళ్లీ కంప్యూటర్‌కి పెట్టేసింది. కాస్త పొగరున్న పిల్లయినా బాగుండేది, హాయిగా తిట్టుకునేదాన్ని అనుకుంది. మంట మాత్రం చల్లారలేదు.