చావింటికి వెళ్లిన గుండిగ

నేను ఒక ఇత్తడి గుండిగను. ఇత్తడి సామాన్లు చేసే అజ్జరం ఊళ్లో ఒళ్లంతా సుత్తి దెబ్బలు తిని ఈ ఆకారానికి వచ్చాను. మొదట ఒక పెద్ద రైతు ఇంటి అటక మీద ఏళ్ల తరబడి ఊరికే పడి ఉన్నాను. వాళ్లు అటక ఖాళీ చేసినప్పుడు మంగాయమ్మ నన్ను కొనుక్కుంది.

మంగాయమ్మ, ఎదురింటి ఆదిలక్ష్మి కలిసి పెళ్లిళ్లకు వంటలు చేసేవారు. పద్దెనిమిదేళ్లు ఆ ఇద్దరి కబుర్లూ నా ఆవిరిలోనే కలిశాయి. ఆదిలక్ష్మి భర్త గంగరాజు మంగాయమ్మను చెల్లెమ్మా అనేవాడు, ఆమె భర్త తాతారావును బావా అనేవాడు. మగవాళ్లిద్దరిదీ చెరో పార్టీ. చాలాకాలం అది వేళాకోళంగానే నడిచింది.

మొన్నటి ఎన్నికల్లో పగ అయింది. తాతారావు పార్టీ గెలిచిన రోజు ఊరేగింపు కావాలనే గంగరాజు గుమ్మం ముందు ఆగి బాణసంచా కాల్చింది. వద్దని చెప్పడానికి గంగరాజు మెట్లు దిగి వచ్చాడు. తాతారావు ఒక్క తోపు తోశాడు. తుంటి విరిగి మంచాన పడ్డ గంగరాజు మళ్లీ లేవలేదు.

రెండిళ్ల మధ్య మాటలు ఆగిపోయాయి. ఆదిలక్ష్మి వంటలకు రావడం మానేసింది. మంగాయమ్మ రెండుసార్లు వీధి సగం దాటి వెనక్కి రావడం వాకిట్లోంచి చూశాను.

ఏడాది తిరక్కుండానే తాతారావు జెండా మోసిన నాయకుడు అవతలి పార్టీలో చేరిపోయాడు. ఒక పెళ్లిలో నాలో కలిపిన పులిహోరను ఆ నాయకుడూ, అతని పాత శత్రువూ పక్కపక్కనే కూర్చుని తిన్నారు. మారు కూడా అడిగారు. వాళ్లకు మంచినీళ్లు పోసిన తాతారావు ఆ పూట ఏమీ తినలేదు. అయినా వీధి దాటలేదు.

కార్తీకంలో గంగరాజు పోయాడు. చావింట్లో పొయ్యి వెలిగించరు. మంగాయమ్మ ఎవరినీ అడక్కుండా బియ్యం కడిగి నాలో పోసింది. అన్నం ఉడికాక, అరుగు మీద తలవంచుకుని కూర్చున్న భర్తను ఒక పక్క పట్టుకోమంది.

"ఆ ఇంటికి నేనెలా వస్తానే?"

"ఆ తోసిన చేతుల్తోనే పట్టుకోండి."

ఇద్దరూ నన్ను మోసుకెళ్లి ఆ పెరట్లో దించారు. గంగరాజు తమ్ముడు అన్నం వెనక్కి తీసుకుపొమ్మన్నాడు. ఆదిలక్ష్మి అతన్ని ఆపి, మంగాయమ్మ దగ్గరికి వచ్చింది.

"ఆఖర్న ఆయన నీ చేతి ముక్కల పులుసు తింటానని ఒకటే అడిగేరు. నిన్నడగడానికి నాకు నోరు రాలేదు. నేనే పెట్టి, నువ్వు పంపేవని చెప్పేను. బావుందని చెల్లెమ్మకి చెప్పమన్నారు."

మంగాయమ్మ నా అంచు పట్టుకుని కూలబడింది. తాతారావు కండువాలో మొహం దాచుకున్నాడు. చాలాసేపటి తర్వాత ఆదిలక్ష్మే విస్తళ్లు తెచ్చి, ఒకటి అతని ముందు కూడా వేసింది.

ఇప్పుడు మళ్లీ ఆ ఇద్దరే నాలో వంట చేస్తున్నారు. కబుర్లు తక్కువ. ఏ పెళ్లివారైనా ముక్కల పులుసు కావాలంటే, అది మాకు రాదండీ అని చెబుతారు.