మొదటి పేరు లేని అర్జీ

ఉదయం పదకొండు గంటలకి, ఇరవయ్యారు మందిమి చూస్తుండగా, లోవరాజు తెరచాప కొయ్య మీంచి పడి చచ్చిపోయాడు. నడుముకి బెల్టు లేదు. అంతకుముందు రోజే కాంట్రాక్టర్ని అడిగితే "రేపు చూద్దాం" అన్నాడు. రేపటికి మనిషే లేడు.

మేం నరసాపురం వైపు పడవలు కట్టేవాళ్ళం. గోదావరి ఒడ్డున ఒక రిసార్టు కోసం, ఎప్పుడో రెండొందల నలభై ఏళ్ళ కిందటి ఇంగ్లీషు యుద్ధనౌక 'ఫెయిత్‌ఫుల్'కి నకలు కడుతున్నాం. డబ్బున్నవాళ్ళు దాని మీద కూర్చుని పులస తింటారట. కాంట్రాక్టరు సత్యనారాయణరాజు పోలీసులకి ఏం చెప్పాడో తెలుసా? "వాడు మా కూలీ కాదండి. తాగొచ్చి చూడ్డానికి ఎక్కాడు." ఛీ! నోరెలా వచ్చింది!

లోవరాజు భార్య రత్తమ్మ ఒక్కటే అడిగింది. "పనిలో పోయాడని కాయితమ్మీద రాయండి బాబూ. నా మొగుణ్ణి తాగుబోతుని చేసి తగలెట్టకండి."

సాయంత్రం ఆమె వాకిట్లో కూడాం. అర్జీ పెట్టాలి. ముందు సంతకం ఎవరిది? అందరివీ నేలచూపులే. కిందటేడు ఇంకో అర్జీ మీద ముందు సంతకం పెట్టిన వీరబ్రహ్మానికి మర్నాటి నుంచి ఏ రేవులోనూ పని దొరకలేదు.

లోవరాజు మేనకోడలు రాణి డిగ్రీ చదువుతోంది. ఓడ ముందు పెట్టే బోర్డుకి దాని చరిత్ర తెలుగులో రాసే పని ఆమెదే. ఆ కాయితాలు తెచ్చి చదివింది. 1782లో నీళ్ళలోకి దింపారు. ఫ్రెంచివాళ్ళతో మూడు యుద్ధాలు చేసింది. మద్రాసు తీరంలో రెండేళ్ళు కాపలా కాసింది. 1797లో, ఒక్క నెలలో ముగ్గురు నావికులు కొయ్య మీంచి పడి చచ్చిపోతే, మిగతావాళ్ళు లంగరెత్తం పొమ్మన్నారు. అర్జీ మీద పేర్లు గుండ్రంగా, బండి చక్రం ఆకుల్లా రాశారు. మొదలెవరో కెప్టెన్‌కి అంతుబట్టలేదు.

"ఈ ముక్క బోర్డు మీద వద్దన్నాడు కాంట్రాక్టరు" అంది రాణి.

"తెల్లోళ్ళ గోల మనకెందుకమ్మా?" అన్నాడు మాతో పనిచేసే జాషువా.

"తెల్లోళ్ళేనండి. కానీ తాళ్ళు లాగినోళ్ళు."

"తర్వాతేమైంది?" అన్నాడు పల్లంరాజు. మాలో పెద్దవాడు, జాగ్రత్తపరుడు.

రాణి దాచలేదు. "చేతికి దొరికిన నలుగుర్ని ఉరి తీశారండి. అయినా మిగతావాళ్ళు లంగరెత్తలేదు. కెప్టెన్ని మార్చాకే ఓడ కదిలింది."

నాకైతే భయమేసింది, అబద్ధమెందుకు? చివరికి పల్లంరాజే ఒక అట్ట తెచ్చి, మధ్యలో మేకు గుచ్చి, దారం కట్టి గుండ్రం గీశాడు.

"రాయండెహె! ఎన్నాళ్ళని ఇలా చస్తాం?"

లోవరాజు పనిలో పోయాడని మధ్యలో, చుట్టూ మా పేర్లు రాశాం. రత్తమ్మ వేలిముద్ర వేసింది.

మర్నాడు పనిముట్లు కింద పెట్టి ఓడ మీదే కూర్చున్నాం. ఎస్సై వచ్చి అట్టని అటు తిప్పాడు, ఇటు తిప్పాడు. "మొదలెట్టిందెవడ్రా?"

"ఒక్క పేరు చెప్పండి. మిగతావాళ్ళ పని మీకుంటుంది" అన్నాడు కాంట్రాక్టరు.

మేం నోరు విప్పలేదు. ఎస్సైకి ఒళ్ళు మండింది. "ఇదంతా ఈ చదువుకున్నదాని పనే. జీపెక్కించండి" అని రాణిని చూపించాడు.

పల్లంరాజు లేచాడు. "నా పేరూ ఉందండి. నన్నూ తీసుకెళ్ళండి." జాషువా లేచాడు. నేనూ లేచాను. జీపు చాలక రెండు వ్యాన్లు తెప్పించారు.

స్టేషన్లో ఒక్కొక్కణ్ణీ పిలిచి, పనెందుకు ఆపావని అడిగారు. రైటరు రాసుకుంటున్నాడు. "లోవరాజు పనిలో ఉండగా చనిపోయాడండి, అందుకు" అన్నాడు పల్లంరాజు. తర్వాతివాడూ అదే అన్నాడు. ఆ తర్వాతివాడూ అదే.

"ఇంకో మాట చెప్పి చావండయ్యా!" అని విసుక్కున్నాడు రైటరు.

"లేదండి. అదే రాయండి" అన్నాడు జాషువా.

గేటు బయట కానిస్టేబుళ్ళు ఆపేసిన రత్తమ్మ కేక వినిపించింది. "రాస్తున్నారా?"

"రాస్తున్నారు వదినా!" అని గొంతు చించుకుని అరిచాను. "ఇంకా పదిహేను మందిమి ఉన్నాం!"