గోడ మందం

ఆరిన్ స్టాడ్లర్ తడిపిన వార్తాపత్రికల కట్టను నాలుగోసారి విప్పి, తను పేల్చిన గుండు ఎక్కడ ఆగిందో ఒక్కో కాగితమూ తిప్పి చూస్తున్నాడు. యాభై నాలుగేళ్ళ మనిషి. బొద్దు వేళ్ళు, ఎర్రజీరల కళ్ళు, వంగితే మూలిగే మోకాళ్ళు. పెన్సిల్వేనియాలోని ఆ బొగ్గుగనుల ఊళ్ళో ఇరవై ఆరేళ్ళుగా గస్తీ పోలీసు.

"ఇంకా ఎంతసేపయ్యా? పెళ్ళాన్ని ఎంచుకోడానిక్కూడా ఇంత ఆలోచించి ఉండవు," ఆయుధాల గది చూసే ఫెర్గస్ నవ్వాడు.

తమ రివాల్వర్లకు ఏ తూటాలు కావాలో మధ్యాహ్నంలోగా అందరూ సంతకం చెయ్యాలి. పాతవాటికి గుండ్రటి సీసం ముక్కు, మనిషిలోంచి దూసుకుపోతాయి. కొత్తవాటికి ముక్కున గుంట ఉంటుంది. ఒంట్లో విచ్చుకుని అక్కడే ఆగుతాయి.

"ఖాయంగా ఆగుతాయా?"

"చాలామటుకు."

ఆరిన్ మనిషి మీద పేల్చింది ఒక్కసారే, పందొమ్మిదేళ్ళ కిందట. గుండు దొంగ భుజంలోంచి దూరి, చెక్కగోడ చీల్చుకుని, పక్కింటి ముసలామె తలగడలో దిగింది. ఆమెకేమీ కాలేదు. ఊరు మరిచిపోయింది. అతను మాత్రం ఏ ఇంట అడుగుపెట్టినా ముందు గోడ మందం చూస్తాడు.

కట్టకు ఉన్నికోటు ముక్క చుట్టి మరొకటి పేల్చాడు. గుండు అవతలికి వచ్చేసింది. ముక్కు గుంట నిండా ఉన్ని కూరుకుపోయి విచ్చుకోనేలేదు. ఇది నవంబరు. ఊళ్ళో కోటు లేనివాడెవడు?

"చూశావా, ఫెర్గస్?"

"చూశా. అయితే పాతవి తీసుకుంటావా? అవి కోటున్నా లేకున్నా ఆగవు."

ఆరిన్ కొత్తవాటికే సంతకం చేశాడు. ఆరు తూటాలూ రివాల్వర్లో ఎక్కించుకున్నాడు.

పొద్దువాలుతుండగా గనికూలీల వాడ నుంచి కబురొచ్చింది. పని పోయిన విటోల్డ్ తప్పతాగి వసారాలో వేటతుపాకీ పట్టుకు నిలబడ్డాడు. ఒంటిమీద మందపాటి ఉన్నికోటు. వెనక చెక్కగోడ. గోడ అవతల, పక్కింట్లో పసిపిల్ల ఏడుపు.

"కాల్చు, ఆరిన్!" కారు చాటు నుంచి జోడీ పోలీసు హాస్కెల్ అరిచాడు.

ఆరిన్ ఆ కోటునీ, వెనక గోడనీ చూశాడు. చెమటతో పిడి జారుతోంది. రివాల్వర్ ఒరలో పెట్టేసి ముందుకు నడిచాడు.

"దగ్గరికొస్తే పేల్చేస్తా!"

"పేల్చుదువుగానిలే విటోల్డ్. ముందు నన్ను కూర్చోనీ. కాళ్ళు ఆడటం లేదు."

నిజంగానే ఆడటం లేదు. మెట్టు మీద కూలబడ్డాడు. ఎంతసేపటికో విటోల్డ్ కూడా పక్కన చతికిలబడి, వెక్కివెక్కి ఏడ్చాడు. హాస్కెల్ తుపాకీ లాక్కుని అతన్ని కారు దగ్గరికి నడిపించాడు.

ఆరిన్ లేవలేదు. ఛాతీలో నొప్పి, ఎడమ చెయ్యి తిమ్మిరెక్కింది. పక్క తలుపు తెరుచుకుని, చంకలో పిల్లతో ఒక యువతి కాఫీ తెచ్చి మెట్టు మీద పెట్టింది.

"తాగు బాబాయ్, చల్లారిపోతుంది."

"పిల్లకి... ఏం కాలేదుగా?"

"దీనికా? ఆకలి, అంతే."

అతను పిల్లను తల నుంచి కాళ్ళ దాకా చూశాడు. తలూపి స్తంభానికి చేరగిలబడ్డాడు.

హాస్కెల్ తిరిగొచ్చి భుజం తట్టేసరికి ఆరిన్‌కు ఊపిరి లేదు. మెట్టు మీద, ముట్టుకోని కాఫీ కప్పు నుంచి ఆవిరి ఇంకా సన్నగా లేస్తోంది.