వాన వద్దనే ప్రార్థన

పుల్లలచెరువు అవతలి పల్లెల్లో వాన కోసం ఉపవాస ప్రార్థన పెట్టారంటే, నడిపించేది సంతోషమ్మే. నలభై ఏళ్లుగా అదే పని. వాన వచ్చిన ఏళ్లూ ఉన్నాయి, రాని ఏళ్లే ఎక్కువ. అయినా ఆమె గొంతెత్తితే ఆడవాళ్లందరికీ ధైర్యంగా ఉంటుంది. అలాంటి మనిషిని పట్టుకొని వాన ఆపమని అడగడం ఏమన్నా న్యాయమా?

అడిగింది పరాయివాళ్లయితే రెండు తిట్టి ఊరుకునేది. అడిగింది ఫెబీ. అక్క చనిపోతే సంతోషమ్మే పెంచి పెద్దచేసిన పిల్ల. నార్వేలో బెర్గెన్ అనే ఊళ్లో నర్సు. అక్కడే శనివారం పెళ్లి.

"అక్టోబరు, నవంబరుల్లో ఈ ఊరికి రావద్దని అందరూ చెప్తారు చిన్నమ్మా. పొద్దస్తమానం వానే. ఎవరూ పెళ్లి పెట్టుకోరు గనకనే మాకు చర్చి దొరికింది. చర్చి నించి రేవు దాకా నడిచిపోవాలని నా ఆశ. నువ్వు పంపిన తెల్లచీర తడవకుండా ప్రార్థన చెయ్యి."

"వానొచ్చే కాలం చెడ్డకాలం ఎట్లయితాదే?"

"ఇక్కడ అట్లనే."

సంతోషమ్మకు తల తిరిగిపోయింది. ఇంటి వెనక కంది పూతకొచ్చింది. ఒక్క వాన లేక ఆ పూతంతా రాలిపోతోంది. ఏ మొహం పెట్టుకొని దేవుణ్ణి వాన వద్దనాలి? వద్దన్న మాట ఆయన ఆ ఊరికే రాసుకుంటాడో, ఈ ఊరికీ కలిపేస్తాడో! పోనీ మానేద్దామంటే, తల్లి లేని పిల్ల అడిగిన ఒక్క కోరిక.

"ఊరి పేరు గట్టిగా చెప్పు. దేవునికి తెలీదా ఏంది?" అన్నాడు భర్త ఏసురత్నం.

శుక్రవారం ప్రార్థనలో 'బెర్గెన్, బెర్గెన్' అని లోపల వల్లె వేసుకుంటూ లేచింది. కళ్లు మూసుకుంది.

"ప్రభువా, బెర్గెన్ పట్టణాన్ని జ్ఞాపకం చేసుకో. ఆ ఊరిమీద..."

అంతే, నలభై ఏళ్ల అలవాటు నోటిని లాక్కుపోయింది.

"...వాన దయచెయ్యి తండ్రీ! చెరువులు నిండా కురిపించు!"

చర్చి పైకప్పు రేకులు అదిరేలా అందరూ ఆమెన్ అన్నారు. సంతోషమ్మ కళ్లు తెరిచింది. చెప్పేసిన ఆమెన్‌ను వెనక్కి తీసుకునే పద్ధతేదీ ఆమెకు తెలియదు.

శనివారం మధ్యాహ్నం మూడున్నరకు ఫోను మోగింది. వీడియోలో ఫెబీ, పక్కన పెళ్లికొడుకు, పైన గొడుగు. తెల్లచీర మోకాళ్ల దాకా తడిసి కాళ్లకు అంటుకుపోయింది.

"ఏం ప్రార్థన చేసినావు చిన్నమ్మా?" ఫెబీ నవ్వుతూనే అడిగింది.

సంతోషమ్మకు ఏడుపొచ్చింది. "నా నోటికి అదొక్కటే వచ్చు తల్లీ."

సంతోషమ్మ ఫోను చుట్టూ మూగిన పల్లె ఆడవాళ్లు చూస్తున్నది పెళ్లికూతుర్ని కాదు, ఆమె వెనక రాళ్లబాట మీద పారుతున్న నీళ్లను. ఇక్కడ బయట ఎండ మండిపోతోంది.

సంతోషమ్మ కళ్లు తుడుచుకుంది. "ఆ ఫోను గొడుగు బయటికి పెట్టమ్మా. సప్పుడు విందాం."

ఫెబీ చెయ్యి చాపింది. బొమ్మ మసకబారిపోయి వాన చప్పుడు మాత్రం ఇల్లంతా నిండింది. ఏసురత్నం లేచి వెళ్లి, కందిచేను వైపు తలుపు తెరిచాడు.