జాబితాలో నాలుగో పేరు

ఏలూరులో ఆనంద్ పాల్‌ని సొంత ఇంటిపేరుతో పిలిచేవాళ్లు లేరు. చానల్ పేరే ఇంటిపేరైపోయింది. పెళ్లిచూపులకి కూడా లోగో ఉన్న మైకు పట్టుకునే వెళ్లాడని తోటి విలేకరులు ఆటపట్టించేవారు. అది అబద్ధమే గాని, బిందుని చేసుకున్న ఏడాదిలో పెంటపాడులోని అత్తారింట ఒక్కపూటైనా స్థిమితంగా భోంచేసిన పాపాన పోలేదన్నది నిజం.

ఇంకోసారి పక్క చానల్లో వార్త ముందు వస్తే ఆ లోగో వేరొకరికి ఇచ్చేస్తామని హైదరాబాద్ డెస్కు ముందురోజే హెచ్చరించింది. అందుకే, చేపల పట్టుబడికి కూలీల్ని తీసుకెళ్తున్న ట్రాక్టరు కొల్లేరు గట్టుమీంచి చెరువులో పడిందని వినగానే బండి గణపవరం వైపు ఉరికించాడు. దారిలోనే తెలిసిన కానిస్టేబుల్‌కి ఫోన్ చేశాడు. పోయినవాళ్ల జేబుల్లో దొరికిన ఓటరు కార్డులు చూసి నాలుగు పేర్లు రాశామని చదివి వినిపించి, ఇంటిపేర్లూ ఊళ్లూ తర్వాత చెబుతానన్నాడాయన. తర్వాత దాకా ఆగితే ఇక విలేకరి ఏమిటి? రోడ్డుపక్కనే నిలబడి లైవ్‌లో చదివేశాడు.

"నాలుగో మృతుడు వెంకట్రాజు, వయసు యాభై ఎనిమిది."

మనమే ఫస్టని డెస్కు మెచ్చుకుంది. ఆనంద్ పాల్ టీ తాగాడు. సిగ్గులేకుండా, సంతోషంగా తాగాడు.

అప్పుడు బిందు ఫోన్ చేసింది. డ్యూటీలో ఉండగా ఎన్నడూ చెయ్యదు.

"ఏవండీ, మా నాన్న పేరు చదివారేంటండీ?"

మావయ్యగారి పేరు మత్తయి కదా అన్నాడు.

"అది చర్చిలో పెట్టిందండి. కార్డుల్లో వెంకట్రాజే. తెల్లారగట్లే పట్టుబడికి వెళ్లారంట, అమ్మ చెబుతోంది."

వాళ్ల పేటల్లో ఇది వింతేమీ కాదు. చర్చిలో ఒక పేరు, బడి రిజిస్టరులో మరొకటి. ఆనంద్ పాల్‌కే రెండున్నాయి. శుభలేఖలో మత్తయి అనే వేశారు, ఊరంతా మత్తయి అనే పిలిచింది. జిల్లాలో ప్రతి నాయకుడి తండ్రి పేరూ నోటికొచ్చిన ఈ పెద్దమనిషి, మావగారికి రెండో పేరుందేమోనని ఒక్కసారీ అడగలేదు.

ఆనంద్ పాల్ చేరేసరికి గట్టు మీద నలుగురినీ వరసగా పడుకోబెట్టి దుప్పట్లు కప్పారు. చివరి దుప్పటి తనే తీశాడు. మావయ్యగారే. మీసాల్లో నాచు చిక్కుకుని ఉంది. ఏడుపు రాలేదు. ఆ మట్టిలోనే కూలబడ్డాడు. కూతురి చెవిలో తండ్రి చావు వేసింది తన గొంతే. తండ్రి పోయాడన్న బాధ కంటే ముందు ఆ పిల్ల మొగుడి గొంతు వినాల్సి వచ్చింది.

జేబులో ఫోన్ మోగింది. డెస్కు. మృతుల బంధువులెవరిదైనా బైట్, అంటే కెమెరా ముందు రెండు ముక్కలు, పది నిమిషాల్లో కావాలన్నారు.

"నేనేనండి బంధువుని. వెంకట్రాజు మా మావయ్యగారు."

డెస్కు వెంటనే అందుకుంది.

"అయ్యో. అయితే లైన్‌లోనే ఉండండి, లైవ్‌లోకి తీసుకుంటున్నాం."