గ్యాసు ఆపాకే లోపలికి

ఓరిన్‌ని షెడ్డులోంచి ఈడ్చుకొచ్చేసరికే చచ్చిపోయాడు. చొక్కా లాగితే దాంతోపాటు చర్మం ఊడివచ్చింది.

మా టెక్సాస్ ఫ్యాక్టరీలో తయారయ్యేది మసి. రేకుల షెడ్డు నిండా గ్యాసు మంటలు, వాటి మీద ఇనుప పట్టీలు. పట్టీలకు పట్టిన మసిని గొలుసుతో నడిచే కత్తులు గీకుతాయి. రబ్బరులో ఆ మసి కలపకపోతే కారు టైరు నాలుగు రోజుల్లో అరిగిపోతుంది. ఆ రోజు గొలుసు ఇరుక్కుంది. మంటలు ఆర్పకుండానే ఓరిన్ తలకు తడిగోనె చుట్టి లోపలికి తోశాడు మేస్త్రీ ప్రూయిట్.

"గొలుసింకా కదల్లేదు. లెమ్యుయెల్, నువ్వెళ్ళు," అన్నాడు శవాన్ని దాటుకుంటూ.

"గ్యాసు ఆపించు, వెళ్తా."

"ఆపితే ఇనుము చల్లారిపోద్ది. మళ్ళీ వేడెక్కేదాకా మసి నీ అబ్బిస్తాడా? దుమ్ము తిని బతకలేక వచ్చిన సన్నాసులు! గేటు బయట మీలాంటోళ్ళు మందలున్నారు."

దుమ్ము తుఫానులు మా పొలాలు మింగిన మాట నిజమే. ఆ మాటతోనే ఇన్నాళ్ళూ మా నోళ్ళు కుట్టేశాడు. లెమ్యుయెల్ మాత్రం తిన్నగా గ్యాసు వాల్వు దగ్గరికి నడిచాడు. కంపెనీ కాపలావాడు వెనకనుంచి కాల్చాడు. లెమ్యుయెల్ వాల్వు చక్రం మీదే వాలిపోయాడు.

అంతే, అందరం ఎగబడ్డాం. తుపాకీ లాక్కుని ఆ కాపలావాడి దవడ పగలగొట్టాం. నాకు జాలి కలగలేదు. నెత్తురుకి జారుతున్న చక్రాన్ని తలో చెయ్యీ వేసి తిప్పేశాం. మంటలన్నీ ఆరిపోయాయి.

ప్రూయిట్ పారిపోయి పోలీసుల్ని తెచ్చాడు.

"వాల్వు కట్టేసిందెవడ్రా?" అని అరిచాడో పోలీసు.

అందరివీ మసి మొహాలే, ఎవడెవడో ప్రూయిట్ కూడా పోల్చలేకపోయాడు. మసి వదలాలంటే ముందు పందికొవ్వు రుద్దాలి. కొవ్వు బకెట్టు మా ముందు పెట్టి కడుక్కోమన్నారు. ఒక్కడూ కదల్లేదు. కబురు విని పరుగెత్తుకొచ్చిన ఓరిన్ భార్య, మా వెర్నా వదిన, మొగుడి శవం పక్కన కూర్చుని ఉంది.

"వాడెవడో నువ్వు చూపించమ్మా, నిన్నేమీ అనం," అన్నాడు పోలీసు.

వదిన దోసెడు మసి తీసి మొహానికి పులుముకుంది.

"నేనే కట్టేశా. గ్యాసు ఆపకుండా ఇంకెవ్వర్నీ లోపలికి పోనివ్వను."

తుపాకీ మడమతో ఆమె నోటి మీద కొట్టారు. మేమంతా మీద పడ్డాం. మమ్మల్ని చితకబాది, అందర్నీ లారీ ఎక్కించారు.

దారిలో పక్క ఫ్యాక్టరీ కనిపించింది. మా పొగ ఆగడం వాళ్ళు చూసే ఉంటారు. మేం చూస్తుండగానే వాళ్ళ షెడ్ల మీద పొగ పలచబడి ఆగిపోయింది.

వదిన నెత్తురు ఉమ్మి పోలీసు వైపు తిరిగింది. "వాళ్ళక్కూడా సరిపడా లారీలున్నాయా నాయనా?"